స్టేట్ ఫస్ట్ ఫోటో ఎవరిది? బడిపిల్లల ప్రతిభకి మన దేశం ఇచ్చిన గుర్తింపు కథ

 

పదో తరగతి రిజల్ట్స్ వచ్చిన మర్నాడు ఏ ఊళ్లో అయినా బస్టాండ్ దగ్గర నిలబడి ఒకసారి తలెత్తి చూడండి. ఫ్లెక్సీలే ఫ్లెక్సీలు. ఫ్లెక్సీ నిండా పాస్‌పోర్ట్ సైజ్ ఫోటోలు, ఫోటో కింద మార్కులు, పైన పెద్ద అక్షరాల్లో స్కూల్ పేరు. అడ్మిషన్ల కోసం ఫోన్ నంబర్ కూడా ఉంటుంది. ఆ ఫోటోలో ఉన్న అమ్మాయి రెండేళ్ల తర్వాత ఏం చదువుతోంది, ఫీజు ఎవరు కడుతున్నారు, అసలు చదువుతోందా మానేసిందా అన్నది ఆ ఫ్లెక్సీకి అక్కర్లేదు. మరుసటి ఏడాదికి దాని మీదే ఇంకో ఫ్లెక్సీ వచ్చేస్తుంది.

ఈ రోజు మనం మాట్లాడుకునేది దీని గురించే. హైస్కూల్లో బాగా చదివిన పిల్లలకి మన దగ్గర గుర్తింపు ఎలా ఇచ్చారు, ఎప్పటి నుంచి ఇచ్చారు, అది ఎలా మారుతూ వచ్చింది? వినడానికి సింపుల్ టాపిక్‌లా ఉంటుంది కానీ ఇందులో 60 ఏళ్ల చరిత్ర ఉంది. చివర్లో మీకు గానీ, మీ తమ్ముడికో చెల్లికో గానీ నేరుగా పనికొచ్చే రెండు విషయాలు కూడా చెప్తాను. కాబట్టి ఎండింగ్ దాకా ఉండండి.

పది మందితో మొదలు

1961 సెప్టెంబర్ 1న ఢిల్లీలో ఎన్‌సీఈఆర్‌టీ పుట్టింది. మనకి పుస్తకాల వల్ల తెలిసిన ఎన్‌సీఈఆర్‌టీయే. పుట్టిన రెండేళ్లకే, అంటే 1963లో, అది ఒక ప్రయోగం చేసింది. ఢిల్లీలో పదకొండో తరగతి చదివే పిల్లల్లోంచి సైన్స్ మీద నిజమైన పట్టు ఉన్నవాళ్లని వెతికి స్కాలర్‌షిప్ ఇవ్వాలి. ఎంతమందికో తెలుసా? అక్షరాలా 10 మందికి. మన భాషలో చెప్పాలంటే పైలట్ ప్రాజెక్ట్ అన్నమాట. ముందు చిన్నగా రన్ చేసి చూశారు.

బాగానే పనిచేసింది. దాంతో మరుసటి ఏడాది, 1964లో, దేశం మొత్తానికి విస్తరించారు. స్కాలర్‌షిప్‌లు 350 చేశారు. దాని పేరు నేషనల్ సైన్స్ టాలెంట్ సెర్చ్ స్కీమ్.

ఇలాంటిది అమెరికాలో అప్పటికే ఉంది. 1942లో వెస్టింగ్‌హౌస్ కంపెనీ డబ్బుతో సైన్స్ టాలెంట్ సెర్చ్ అని హైస్కూల్ పిల్లలకి ఒక పోటీ మొదలైంది. ఈ పేరు గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికి వస్తాం.

మన స్కీమ్‌లో నాకు బాగా నచ్చిన విషయం సెలక్షన్ పద్ధతి. సైన్స్ ఆప్టిట్యూడ్ టెస్ట్ ఉండేది, దాంతో పాటు ఒక వ్యాసం రాయాలి. పిల్లాడు తను చేసిన ప్రాజెక్ట్ మీద రిపోర్ట్ ఇవ్వాలి. వీటన్నిటిలో నెగ్గితే ఇంటర్వ్యూ. ఎంత బట్టీ పట్టాడన్న దాని కంటే ఎలా ఆలోచిస్తున్నాడన్న దాని మీదే వాళ్ల దృష్టి. 16 ఏళ్ల పిల్లాడిని ఎదురుగా కూర్చోబెట్టుకుని, నువ్వు చేసిన ప్రాజెక్ట్ ఏంటో చెప్పు బాబూ అని పెద్దవాళ్లు అడగడమే ఒక పెద్ద గౌరవం కదా!

రెండో విషయం ఇంకా ముఖ్యం. ఆ స్కాలర్‌షిప్ ఒక రోజు స్టేజ్ మీద ఇచ్చే చెక్కు లాంటిది కాదు. బేసిక్ సైన్సెస్‌లో డిగ్రీ చదివితే వస్తుంది, పీజీ చదివితే వస్తుంది, పీహెచ్‌డీ దాకా వస్తూనే ఉంటుంది. అంటే ప్రభుత్వం ఒక టీనేజ్ కుర్రాడితో, నువ్వు చదువుతాను అన్నంత కాలం మేం నీతో ఉంటాం అని చెప్పినట్టు. పదేళ్ల మాట అది.

షరతు కూడా ఒకటి ఉండేది. సైన్స్ చదివితేనే స్కాలర్‌షిప్. ఇంజనీరింగ్, మెడిసిన్ వైపు వెళ్తే రాదు. ఎందుకంటే అప్పట్లో దేశానికి సైంటిస్టులు కావాలి. బాగా చదివే పిల్లలందరూ డాక్టర్, ఇంజనీర్ వైపు వెళ్లిపోతారన్న భయం 1960ల్లోనే ఉంది చూడండి. నేను బీటెక్ చేసినవాణ్ణే కాబట్టి ఈ మాట చెప్తుంటే నాకే కాస్త నవ్వొస్తోంది.

1976 మలుపు

పదమూడేళ్లు ఇలా నడిచాక 1976లో పెద్ద మార్పు వచ్చింది. అప్పటికి దేశంలో 10+2+3 పద్ధతి వస్తోంది. పదేళ్ల స్కూల్, రెండేళ్ల ఇంటర్, మూడేళ్ల డిగ్రీ. దౌలత్ సింగ్ కొఠారీ అధ్యక్షుడిగా 1964 నుంచి 1966 దాకా పనిచేసిన విద్యా కమిషన్ సూచించిన దారి ఇది.

దానికి తగ్గట్టు ఈ స్కీమ్‌ని కూడా మార్చారు. పేరులోంచి సైన్స్ అన్న మాట పోయింది. నేషనల్ టాలెంట్ సెర్చ్ అయింది. మన తరానికి తెలిసిన ఎన్‌టీఎస్‌ఈ ఇదే. సోషల్ సైన్సెస్ చదివేవాళ్లకీ, ఇంజనీరింగ్, మెడిసిన్ వైపు వెళ్లేవాళ్లకీ తలుపులు తెరిచారు. స్కాలర్‌షిప్‌లు 500 చేశారు. మెంటల్ ఎబిలిటీ టెస్ట్, స్కొలాస్టిక్ ఆప్టిట్యూడ్ టెస్ట్ అని రెండు రాతపరీక్షలు పెట్టారు. మ్యాట్, శ్యాట్ అంటాం కదా, అవే.

ఇది మంచిదా చెడ్డదా? నా ఉద్దేశంలో రెండూ ఉన్నాయి. హిస్టరీ మీద, ఎకనామిక్స్ మీద ఇష్టం ఉన్న పిల్ల కూడా టాలెంట్ ఉన్న పిల్లే అని ఒప్పుకోవడం చాలా మంచి మార్పు. కానీ ప్రాజెక్ట్ రిపోర్ట్ పోయింది. ఒక సమాధానం టిక్ పెట్టే పరీక్ష పెరిగింది. టిక్ పెట్టే పరీక్ష ఎక్కడుంటే అక్కడికి కోచింగ్ వస్తుంది. ఒకడు ఇంట్లో చేసుకున్న ప్రయోగానికి కోచింగ్ ఇవ్వడం కష్టం. మోడల్ పేపర్‌కి కోచింగ్ ఇవ్వడం చాలా ఈజీ.

తర్వాత అంకెలు ఇలా పెరిగాయి. 1981లో 550, 1983లో 750, 2000లో 1000, 2019లో 2000. ఎస్సీ, ఎస్టీ పిల్లలకి కొన్ని స్కాలర్‌షిప్‌లు ప్రత్యేకంగా కేటాయించారు. 1985 నుంచి ముందు రాష్ట్రస్థాయిలో ఒక పరీక్ష, అందులో నెగ్గినవాళ్లకి జాతీయస్థాయిలో ఇంకొకటి అన్న పద్ధతి వచ్చింది. మన పిల్లలు తెలుగులోనే రాసే వీలు కూడా ఉండేది. 2006 నుంచి కొన్నేళ్లు ఎనిమిదో తరగతి వాళ్లకి పెట్టారు. 2012 నుంచి మళ్లీ పదో తరగతికి తెచ్చారు.

డబ్బు ఎంతో తెలుసా? ఆఖరి రోజుల్లో ఇంటర్‌లో నెలకి 1250 రూపాయలు, డిగ్రీ, పీజీలో నెలకి 2000. ఈ రోజుల్లో హాస్టల్ ఫీజు ముందు ఇది పెద్ద మొత్తం కాదు. కానీ ప్రతి నెలా వచ్చేది. బ్యాంక్ అకౌంట్ పిల్లాడిది. దాని మీద ఏ స్కూల్ లోగో ఉండేది కాదు.

మన దగ్గర ర్యాంకుల కాలం

ఇప్పుడు ఢిల్లీ నుంచి మన ఊళ్లకి వద్దాం. జాతీయస్థాయిలో ఎన్‌టీఎస్‌ఈ నడుస్తుంటే, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో గుర్తింపు అంటే ఒకటే మాట: స్టేట్ ర్యాంక్.

మీ అమ్మానాన్నల్ని అడగండి, చెప్తారు. టెన్త్ రిజల్ట్స్ రోజు సాయంత్రానికి పేపర్ కోసం ఎదురుచూపులు. హాల్‌టికెట్ నంబర్ల పేజీల్లో వేలు పెట్టి వెతుక్కోవడం. మొదటి పేజీలో స్టేట్ ఫస్ట్ వచ్చిన పిల్ల ఫోటో. పక్కనే అమ్మా నాన్నా స్వీట్ తినిపిస్తూ ఉంటారు. ఐఏఎస్ అవుతాను, డాక్టర్ అయి పేదలకి సేవ చేస్తాను అన్న రెండు మాటల ఇంటర్వ్యూ. అందులో ఒక అందం ఉండేది, కాదనను. మారుమూల ఊళ్లో సర్కారు బడి పిల్లకి స్టేట్ ర్యాంక్ వస్తే ఊరంతా పండగే.

కానీ ఆ ర్యాంక్‌లో ఉన్న గొడవ ఏంటంటే, దానితో పాటు పిల్లకి దక్కే హామీ ఏమీ లేదు. ఎన్‌టీఎస్‌ఈ స్కాలర్ అంటే చదువు సాగినంత కాలం నెలనెలా డబ్బు. స్టేట్ ఫస్ట్ అంటే ఒక ఫోటో, కొన్ని సన్మానాలు, కొన్ని శాలువాలు. ఆ ఫోటో విలువ పిల్ల కంటే ముందు వేరేవాళ్లకి అర్థమైంది. ఒక ర్యాంక్ చూపిస్తే వచ్చే ఏడాది వందల అడ్మిషన్లు వస్తాయని ప్రైవేట్ విద్యాసంస్థలు లెక్క కట్టేశాయి. సింపుల్‌గా చెప్పాలంటే, పిల్లకి ఇచ్చిన గుర్తింపు కాస్తా సంస్థ మార్కెటింగ్ బడ్జెట్‌లోకి వెళ్లిపోయింది.

ఒక్క మార్కు తేడాతో ఒకరు స్టేట్ ఫస్ట్, ఇంకొకరు ఎవరికీ తెలియని పదో పేరు. పేపర్ దిద్దే టీచర్ ఒకరికి ఒక అర మార్కు అటూ ఇటూ అయితే జీవితం మారిపోయినంత హడావిడి. పైగా ర్యాంక్ రాని లక్షల మంది ఆ రోజు ఇంట్లో ఏం వినాల్సి వచ్చేదో నేను చెప్పక్కర్లేదు. ఎదురింటి పిల్ల ఫోటో పేపర్లో పడితే ఆ రోజు మన ఇంట్లో భోజనం ఎలా ఉండేదో మీకూ తెలుసు.

మార్కులు పోయి గ్రేడ్లు, గ్రేడ్లు పోయి మార్కులు

ఈ ఒత్తిడి తగ్గించాలని 2012లో ఉమ్మడి రాష్ట్రం పదో తరగతిలో గ్రేడింగ్ తెచ్చింది. మార్కులు చెప్పరు. ఏ1, ఏ2, బీ1 అని గ్రేడ్, మొత్తానికి పదికి ఇంత అని జీపీఏ. స్టేట్ ఫస్ట్ అన్న మాటే ఉండదు. ఐడియా చాలా బాగుంది. ఒకటో రెండో మార్కుల తేడాకి పిల్లల్ని విడదీయకూడదు అన్నది నిజంగా మంచి ఆలోచన.

ఏమైంది మరి? ఫ్లెక్సీలు ఆగలేదు. ఒక్క ఫోటో ఉండే చోట 50 ఫోటోలు వచ్చాయి. మా స్కూల్లో ఇంతమందికి 10కి 10 అని కొత్త రేస్ మొదలైంది. మీరు ఒక సిస్టమ్‌లో మెట్రిక్ మార్చారు, కానీ ఆ మెట్రిక్ ఎవరికి లాభమో వాళ్లని మార్చలేదు. అలాంటప్పుడు వాళ్లు కొత్త మెట్రిక్‌ని కూడా అలాగే వాడుకుంటారు. మా సాఫ్ట్‌వేర్‌లో ఇది రోజూ చూసే విషయమే.

తర్వాత రెండు రాష్ట్రాలూ వెనక్కి తిరిగాయి. ఆంధ్రప్రదేశ్‌లో గ్రేడ్లు తీసేసి మార్కులు తెచ్చారు. 2022 ఫలితాలు మార్కుల్లోనే వచ్చాయి. అదే ఏడాది ర్యాంకుల ప్రకటనలు వేయకూడదని ప్రభుత్వం జీవో కూడా ఇచ్చింది. వేస్తే 3 నుంచి 7 ఏళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా అని రాశారు. తెలంగాణ కూడా 2024 నవంబర్‌లో మళ్లీ మార్కులకే వెళ్తున్నాం అని చెప్పింది. 2025 ఫలితాల్లో మార్కులు కనిపించాయి. అటు సీబీఎస్‌ఈ మాత్రం 2023లో మెరిట్ లిస్ట్ ఇవ్వం అని, ఫస్ట్ డివిజన్, సెకండ్ డివిజన్ కూడా చెప్పం అని ప్రకటించింది. కారణం పిల్లల మధ్య అనారోగ్యకరమైన పోటీ ఉండకూడదు అని.

ప్రభుత్వాలు ఇచ్చే అవార్డులు కూడా ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్‌లోనే చూడండి. ఒకప్పుడు ప్రతిభా అవార్డులు అన్నారు. 2023లో ఆణిముత్యాలు అన్నారు. 2025లో షైనింగ్ స్టార్స్ అన్నారు. ఏ పార్టీ అన్నది నా పాయింట్ కాదు. పిల్లలకి మెడల్, డబ్బు, స్టేజ్ మీద చప్పట్లు దొరికితే సంతోషమే. కానీ ప్రభుత్వం మారినప్పుడల్లా పేరు మారితే ఆ గౌరవానికి ఒక చరిత్ర ఉండదు. నాకు ఫలానా అవార్డు వచ్చింది అని పదేళ్ల తర్వాత చెప్తే, అదేంటి అని ఎదుటివాళ్లు అడిగే పరిస్థితి వస్తుంది.

చప్పుడు లేకుండా ఆగిపోయింది

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. 1963లో 10 మందితో మొదలై 2000 మంది దాకా పెరిగిన ఆ స్కీమ్ ఏమైంది?

2021 అక్టోబర్‌లో జాతీయస్థాయి పరీక్ష జరిగింది. ఆ తర్వాత లేదు. స్కీమ్‌కి ఆమోదం 2021 మార్చి 31 వరకే ఉందని, ఇప్పుడున్న రూపంలో కొనసాగించడానికి ఆమోదం రాలేదని, తదుపరి ఆదేశాల దాకా నిలిపివేస్తున్నామని ఎన్‌సీఈఆర్‌టీ ఒక నోటీస్ పెట్టింది. అంతే. 58 ఏళ్ల చరిత్ర ఒక నోటీస్‌తో ఆగింది.

ఇదొక్కటే కాదు. కేవీపీవై గుర్తుందా? కిశోర్ వైజ్ఞానిక్ ప్రోత్సాహన్ యోజన. 1999లో మొదలైంది. ఇంటర్ పిల్లల్లో సైన్స్ వైపు వెళ్లేవాళ్లని వెతికి, డిగ్రీలో నెలకి 5000 రూపాయలు ఇచ్చేవాళ్లు. దాన్ని 2022లో ఇన్‌స్పైర్ అనే ఇంకో స్కీమ్‌లో కలిపేశారు. ఆ పరీక్ష కూడా ఇప్పుడు లేదు.

ఒక్క నిమిషం లెక్క వేద్దాం. ఎన్‌టీఎస్‌ఈలో 2000 మందికి నెలకి 1250 చొప్పున ఏడాదికి ఎంత? ఒక్కొక్కరికి 15,000. మొత్తం 3 కోట్లు. ఒక బ్యాచ్‌కి ఏడాది ఖర్చు అది. 140 కోట్ల జనాభా ఉన్న దేశానికి ఇది భారం అంటే నమ్మడం కష్టం.

ఇందాక అమెరికా పోటీ ఒకటి గుర్తుపెట్టుకోమన్నాను కదా. 1942లో వెస్టింగ్‌హౌస్‌తో మొదలైంది. 1998లో స్పాన్సర్‌గా ఇంటెల్ వచ్చింది. 2017 నుంచి రీజెనెరాన్ అనే ఫార్మా కంపెనీ ఇస్తోంది. డబ్బు ఇచ్చేవాళ్లు మారారు, పోటీ మాత్రం 80 ఏళ్లు దాటినా నడుస్తూనే ఉంది. పిల్లలు ఇప్పటికీ తాము చేసిన రీసెర్చ్ ప్రాజెక్ట్ తీసుకెళ్లి చూపిస్తారు. మనం 1960ల్లో చేసిన పని కూడా సరిగ్గా అదే. మనం వదిలేశాం.

మీ చేతిలో ఉన్నవి

ఇప్పుడు నేను ముందు చెప్పిన రెండు పనికొచ్చే విషయాలు. ఇక్కడ స్క్రీన్‌షాట్ తీసుకున్నా పర్లేదు.

మొదటిది ఎన్‌ఎంఎంఎస్. నేషనల్ మీన్స్ కమ్ మెరిట్ స్కాలర్‌షిప్. 2008లో మొదలైంది, ఇప్పటికీ నడుస్తోంది. ఇది ప్రభుత్వ, ఎయిడెడ్, స్థానిక సంస్థల బడుల్లో చదివే పిల్లలకి. ఎనిమిదో తరగతిలో పరీక్ష రాయాలి. అందులోనూ మ్యాట్, శ్యాట్ అవే రెండు పేపర్లు. కుటుంబ ఆదాయం ఏడాదికి మూడున్నర లక్షలు దాటకూడదు. సెలెక్ట్ అయితే తొమ్మిది నుంచి ఇంటర్ సెకండ్ ఇయర్ దాకా ఏడాదికి 12,000 రూపాయలు. దేశం మొత్తం మీద ఏడాదికి లక్ష కొత్త స్కాలర్‌షిప్‌లు. డబ్బు నేరుగా పిల్లల అకౌంట్‌లో పడుతుంది.

ఎనిమిదో తరగతి తర్వాతే చాలా మంది పిల్లలు బడి మానేస్తారు కాబట్టే దీన్ని అక్కడ పెట్టారు. దీనికి ఫ్లెక్సీలు ఉండవు. అందుకే చాలా ఇళ్లకి దీని పేరే తెలియదు. మీ ఊళ్లో జిల్లా పరిషత్ హైస్కూల్లో ఎనిమిదో తరగతి చదివే పిల్లలు ఉంటే, ఈ ఏడాది అప్లై చేశారా అని హెడ్‌మాస్టర్ గారిని అడగండి. ఒక్క ప్రశ్న చాలు. ఒక పిల్లకి నాలుగేళ్లలో 48,000 రూపాయలు వచ్చే అవకాశం అది.

ఇంటర్ దాటి బేసిక్ సైన్స్ డిగ్రీ చదవాలనుకునేవాళ్లకి ఇన్‌స్పైర్ కింద షీ స్కాలర్‌షిప్ ఉంది. పేరు షీ అని ఉన్నా అబ్బాయిలకీ వస్తుంది. తమ బోర్డ్‌లో పై ఒక్క శాతంలో ఉన్నవాళ్లు అర్హులు. ఏడాదికి 80,000 రూపాయలు. 1963 నాటి ఆలోచనకి ఇప్పుడు మిగిలిన వారసుడు ఇదే అనుకోవచ్చు.

రెండో విషయం మీ ఫోటో. 2024 నవంబర్‌లో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ కోచింగ్ సెంటర్ల ప్రకటనల మీద మార్గదర్శకాలు ఇచ్చింది. దాని ప్రకారం సెలెక్ట్ అయిన స్టూడెంట్ పేరు, ఫోటో వాడాలంటే కోచింగ్ సెంటర్ రాతపూర్వకంగా ఒప్పుకోలు తీసుకోవాలి. అదీ రిజల్ట్ వచ్చిన తర్వాతే తీసుకోవాలి. జాయిన్ అయ్యే రోజు ఫీజు రసీదుతో పాటు సంతకం పెట్టించుకుంటే చెల్లదు. ఆ స్టూడెంట్ ఏ కోర్సు చదివాడు, ఎన్నాళ్లు చదివాడు, డబ్బు కట్టి చదివాడా ఫ్రీగా ఇచ్చారా అన్నది కూడా ప్రకటనలో చెప్పాలి. రెండు వారాల టెస్ట్ సిరీస్ రాసినవాణ్ణి మా స్టూడెంట్ అని పెద్ద ఫోటో వేసుకోవడం ఇక కుదరదు అన్నమాట. 50 మంది కంటే ఎక్కువ స్టూడెంట్స్ ఉన్న కోచింగ్‌లకి ఇది వర్తిస్తుంది.

అంటే వద్దు అనే హక్కు మీకుంది. ఈ మాట ఇంట్లో పెద్దవాళ్లకి కూడా చెప్పండి. ఎందుకంటే చాలా సార్లు సంతకం పెట్టేది వాళ్లే.

ఆఖరి మాట

ఈ 60 ఏళ్ల కథలో నాకు అర్థమైంది ఇది. ఒక గుర్తింపు మంచిదా కాదా అని తెలుసుకోవాలంటే, చప్పట్లు ఆగిపోయాక పిల్లల చేతిలో ఏం మిగిలింది అని చూడాలి. 1963 స్కీమ్‌లో పదేళ్ల చదువు మిగిలింది. ఎన్‌ఎంఎంఎస్‌లో నాలుగేళ్ల బడి మిగులుతుంది. స్టేట్ ఫస్ట్ ఫోటోలో మిగిలింది చాలా వరకూ ఇంకొకరి అడ్మిషన్లు.

మార్కులా గ్రేడ్లా అని మనం పన్నెండేళ్లుగా అటూ ఇటూ తిరుగుతూనే ఉన్నాం. ఆ గొడవలో పడి, పిల్లలకి దీర్ఘకాలం తోడుండే పథకం ఒకటి ఆగిపోయిందని కూడా పెద్దగా ఎవరూ మాట్లాడలేదు. ఎన్‌టీఎస్‌ఈని తిరిగి తేవాలి. తెచ్చేటప్పుడు పాత ప్రాజెక్ట్ రిపోర్ట్‌ని కూడా తీసుకురావాలి. పిల్లల్ని ఎదురుగా కూర్చోబెట్టి, నువ్వు ఏం చేశావో చెప్పమ్మా అని అడిగే పరీక్ష మళ్లీ రావాలి.

అప్పటిదాకా మీరు చేయగలిగింది ఒకటుంది. మీ చుట్టుపక్కల ఎనిమిదో తరగతి పిల్లలు ఎవరున్నారో ఈ వారం కనుక్కోండి. ఎన్‌ఎంఎంఎస్ గురించి చెప్పండి. మీ స్కూల్ రోజుల్లో మీకు దొరికిన గుర్తింపు ఏంటి, అది తర్వాత పనికొచ్చిందా లేదా అన్నది కామెంట్స్‌లో రాయండి, నేను చదువుతాను.

ఉంటాను మరి. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం.